చెక్క రైలు పెట్టెకు మరమ్మతు: అసలు కలపను పోగొట్టుకోకుండా ఎలా చేయాలి

చెక్కతో కట్టిన పాత రైలు పెట్టె ఒకటి మరమ్మతుకు మీ చేతికొచ్చిందనుకోండి. రంగు పెచ్చులు లేచి ఉంటుంది. కిటికీల కింద పలకలు ఉబ్బి ఉంటాయి. తలుపు తోస్తే గడప మీద గీసుకుంటుంది. చూసినవాళ్లంతా ఒకటే మాట అంటారు: "ఇంకేం మిగిలింది ఇందులో, మొత్తం ఊడదీసి కొత్త కలప వేసేయండి." ఆ మాట నమ్మే ముందు చిన్న పని చేయండి. ఉబ్బిన చోటికి ఒక అడుగు పైన, అదే గుంజ మీద, స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. టక్‌మని గట్టిగా పలుకుతుంది. అదే పిడితో కింద కొడితే డబ్‌మని బొంగురుగా వస్తుంది. ఆ రెండు చప్పుళ్లకు మధ్య ఎక్కడో ఒక గీత ఉంది. ఆ గీత ఎక్కడుందో సరిగ్గా కనుక్కోవడం, దానికి పైనున్న కలప జోలికి పోకుండా ఉండటం, మీ పనంతా ఇదే.

కొత్త కలపతో అచ్చం అలాంటి పెట్టెనే కట్టొచ్చు. కానీ ఆ కలపలో కట్టినవాడి ఉలి గుర్తులు ఉండవు, ఎక్కడ ఏ కీలు ఎందుకు పెట్టాడో తెలియదు, దశాబ్దాల పాటు ప్రయాణికుల చేతులు రాసుకుని నున్నబడిన తలుపు అంచు ఉండదు. పైగా చెక్క పెట్టెలు మళ్లీ పుట్టేవి కావు. అమెరికాలో రైలు పెట్టెలు కట్టే పుల్‌మన్ కంపెనీ 1910 ప్రాంతం నుంచి ఉక్కు పెట్టెల వైపు మళ్లింది. బ్రిటన్‌లో 1923లో ఏర్పడిన ఎల్.ఎన్.ఇ.ఆర్. (లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే) ఆ తర్వాత కూడా చాలాకాలం వార్నిష్ పూసిన టేకు పెట్టెలు కట్టింది కానీ, చివరికి అక్కడా ఉక్కే వచ్చింది. ఉన్నవే మిగిలాయి.

ఒక చిన్న మాట. వాడుకలో మనం పెట్టెనే బోగీ అంటాం. రైల్వే పనివాళ్ల లెక్కలో బోగీ అంటే పెట్టె కింద చక్రాలు, ఇరుసులు ఉండే బండి. అయోమయం రాకుండా ఇక్కడ పైభాగాన్ని పెట్టె అనే అంటాను.

1. ముందు నీళ్లు ఆపండి

చెక్క వయసు వల్ల చివకదు, తడి వల్ల చివుకుతుంది. కలపను కుళ్లబెట్టే శిలీంధ్రానికి తేమ కావాలి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే అది ఎదగలేదు, 30 శాతం దగ్గరికి వచ్చిందంటే దానికి పండగే. కాబట్టి 20 అనే అంకె గుర్తుపెట్టుకోండి. రెండు సూదులు గుచ్చి చూసే తేమ మీటర్ ఒకటి కొనుక్కుని, పెట్టె చుట్టూ తిరిగి కనీసం 40, 50 చోట్ల చూసి, ఆ అంకెలను చాక్‌పీసుతో అక్కడికక్కడే రాయండి, ఒక పుస్తకంలోనూ ఎక్కించండి. తడి ఎక్కడ మొదలై ఎటు దిగిందో ఆ అంకెలే చూపిస్తాయి.

చాలాసార్లు అది పైకప్పు దగ్గర మొదలవుతుంది. ఆ కాలపు పైకప్పులు ఎక్కువగా చెక్క పలకలే. వాటి మీద చిక్కగా రంగు పూసి, అది పచ్చిగా ఉండగానే కాన్వాస్ గుడ్డ బిగించి పరిచి, పైన మళ్లీ రంగు వేసేవారు. ఆ గుడ్డ ఒక్కచోట చిరిగితే నీళ్లు వాసాల వెంట జారి, గుంజల్లో దిగి, ఎక్కడో కిటికీ కింద బయటపడతాయి. కారేది ఒకచోట, కుళ్లేది ఇంకోచోట. కిటికీ కింద పలక మార్చి పైకప్పును వదిలేస్తే, కొత్త పలకకూ అదే గతి.

షెడ్డు ఉంటే సరే. లేకపోతే టార్పాలిన్ కప్పండి, కానీ పొట్లం కట్టినట్టు బిగించి కట్టకండి. రాత్రి చల్లబడేసరికి లోపలి ఆవిరి టార్పాలిన్ అడుగున నీటిబొట్లై మళ్లీ పెట్టె మీదే పడుతుంది. పైన కర్రలు అడ్డంగా పరిచి జానెడు ఖాళీ ఉంచండి, పక్కల కింద వరకూ దించకుండా గాలి ఆడనివ్వండి. తొందరపడి హీటర్లు మాత్రం పెట్టొద్దు. పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడితో ఉబ్బే ఉంటుంది. అప్పుడు అప్పటిదాకా బాగున్న చెక్క కూడా నెర్రెలు విచ్చుతుంది. ఆరడానికి నెలలు పడితే పట్టనివ్వండి.

2. ఒక్క మేకు తీయకముందే రాసుకోండి

ఫోటోలు తీయడం అందరూ చేస్తారు. చాలదు. పెట్టెకు ఒక చివర 'అ', ఇంకో చివర 'ఆ' అని పేరు పెట్టండి. లేకపోతే రెండు నెలల తర్వాత "ఎడమవైపు మూడో పలక" అంటే ఎవరి ఎడమో ఎవరికీ గుర్తుండదు. ప్రతి గుంజకూ, ప్రతి పలకకూ నంబరు వేసి, కాగితం మీద బొమ్మ గీసి, అదే నంబరు దానిలోనూ రాయండి. ముక్క మీద రాసేటప్పుడు మార్కర్ వాడకండి, సిరా చెక్కలోకి ఇంకిపోతుంది. దారంతో కట్టిన చీటీ మేలు.

రాత్రిపూట టార్చిలైటు తీసుకుని వెలుతురు గోడకు దాదాపు ఆనుకుని అడ్డంగా పడేలా పట్టుకోండి. పగలు ఏమీ కనిపించని చోట అక్షరాల అంచులు తేలతాయి. బంగారు రేకుతో రాసిన పాత పేర్లు, నంబర్లు తర్వాతి రంగుల కింద దాగి ఉంటాయి. కనిపించని చోట ఒకచోట రూపాయి బిళ్లంత మేర మెత్తటి గరుకు కాగితాన్ని నీళ్లలో ముంచి నెమ్మదిగా రుద్దితే, చెట్టు వలయాల్లా ఒక్కో రంగు పొర బయటపడుతుంది. ఆ వరసను ఫోటో తీసి ఉంచండి. ఎన్ని మరమ్మతులు చేసినా, ఒక అడుగు వెడల్పు పట్టీ మేర అన్ని పొరలతోనూ పాత రంగును అలాగే వదిలేయాలన్నది నా పట్టుదల.

దీని విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. పని నేర్చుకునే రోజుల్లో కిటికీ కింది అడ్డపట్టె ఒకటి ముందువైపు పుచ్చి ఉందని మొత్తం తీసి, కొత్తది చెక్కి పెట్టాను. వారం తర్వాత చెత్తలో పడున్న పాతదాన్ని తిరగేస్తే, వెనకాల వడ్రంగి పెన్సిల్ రాత. ఒక నంబరు, పక్కన కొలతలు. ఆ నంబరు మా పెట్టెది కాదు. అంటే ఏదో ఒక కాలంలో ఇంకో పెట్టె నుంచి ఆ భాగాన్ని తెచ్చి ఇక్కడ బిగించారు. అది ఎక్కడుండేదో, దాని పక్కన ఏముండేదో నేను రాసుకోలేదు. ఆ పెట్టె చరిత్రలో ఆ ముక్క ఇప్పటికీ ఖాళీయే.

3. పొడిచి చూడండి

పదునైన ఆరె (చెప్పులు కుట్టేవాళ్లు బెజ్జం వేసే మొన) గానీ, సన్నటి స్క్రూడ్రైవర్ గానీ తీసుకోండి. నిలువుగా గుచ్చడం కన్నా, చెక్క పీచుకు అడ్డంగా ఏటవాలుగా దించి పైకి లేపడం మంచిది. బాగున్న చెక్కయితే పొడుగాటి పేడు లేస్తుంది, చిటుక్కున చప్పుడు చేస్తూ, ఒక చివర ఇంకా అంటిపెట్టుకునే ఉంటుంది. పుచ్చిన చెక్కయితే చప్పుడు ఉండదు. అరిసె ముక్క విరిగినట్టు అక్కడికక్కడే పొట్టిగా విరిగి, ఆరె మీదే రాలుతుంది. ఈ తేడా చేతికి ఒక్కసారి తెలిస్తే ఇక మరిచిపోరు.

మరీ ముఖ్యంగా చూడాల్సిన చోట్లు: కిటికీ చట్రం అడుగు, ఆ కిందనే గుంజలు అడుగు దూలంలో దిగే కీళ్లు, తలుపుల గడపలు, రెండు చివర్ల ఎక్కే మెట్ల దగ్గర దూలాలు, మరుగుదొడ్డి నేల. కిటికీ అద్దం కిందికి జారే గూడు ఉన్న పెట్టెల్లో ఆ గూట్లోకి వాన నీళ్లు దిగి అక్కడే నిలుస్తాయి. బయటి పలక నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల గుంజ అడుగు పిండి అయిపోయి ఉంటుంది.

అలాంటి గుంజ ఒకటి దగ్గరగా చూద్దాం. ఓక్ గుంజ, మందం రెండంగుళాలు, పొడవు ఆరడుగులు అనుకోండి. అడుగున నాలుకలా చెక్కిన భాగం దూలంలోని బెజ్జంలో దిగి ఉంటుంది. ఆ నాలుక నల్లబడి, వేలితో నలిపితే పొడిపొడిగా రాలుతుంది. దానికి రెండంగుళాల పైన రంగు ముదురు గోధుమ, చెక్క నిలువునా అడ్డంగా చిన్న చిన్న గళ్లుగా పగిలి ఉంటుంది. ఇంకో అంగుళం పైన మచ్చ ఉంటుంది కానీ ఆరెకు గట్టిగానే తగులుతుంది. దాని పైన అంతా చేవ. ఒక మేకు చుట్టూ మాత్రం నల్లటి మరక కనిపిస్తుంది. అది కుళ్లు కాదు, ఓక్‌లో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థానికి ఇనుము తగిలి వచ్చిన నలుపు. మచ్చ చూసి చెక్కను తీసేయకండి. ఆరె ఏం చెప్పిందో అదే ప్రమాణం. ఈ గుంజలో పోయింది మూడంగుళాలు. అతుకు కోసం ఏటవాలుగా కోయడానికి ఇంకొంత పోతుంది. అయినా నాలుగడుగులకు పైగా అసలు కలప ఎక్కడుందో అక్కడే నిలుస్తుంది.

4. నడుము సరిచేశాకే తలుపుల జోలికి వెళ్లండి

ఈ మెట్టు దాటేయడం వల్ల పోయిన అసలు తలుపులు, కిటికీలు లెక్కలేనన్ని. పెట్టె నడుము వంగితే తలుపు చట్రం మూలలు మూలమట్టానికి ఉండవు. తలుపు పట్టదు. వెంటనే ఎవరో ఒకరు చిత్రిక పట్టి తలుపు అంచును తగ్గిస్తారు. తర్వాత నడుము సరిచేస్తే ఆ తలుపుకు ఒక పక్క వేలెడు సందు.

చెక్క పెట్టెల అడుగున ట్రస్ రాడ్లు అనే పొడుగాటి ఇనుప కడ్డీలు ఉంటాయి. ధనుస్సుకు నారి కట్టినట్టు అవి పెట్టె నడుమును పైకి పట్టి ఉంచుతాయి. నడిమధ్యన తిప్పి బిగించే మర ఉంటుంది. ముందుగా పెట్టె పొడవునా ఒక దారం బిగించి లాగి, ప్రతి గుంజ దగ్గర దారానికీ దూలానికీ మధ్య ఎంత ఉందో కొలిచి రాయండి. తర్వాత అడుగున జాకీలు పెట్టి బరువు మోయించి, ఒక్కోరోజు కొంచెంగా లేపుతూ, కడ్డీలను ఆ లేపినంత వరకే బిగించండి. కడ్డీతోనే పెట్టెను లేపేద్దామని చూస్తే పుచ్చిన చోట కడ్డీ చివరి పలక చెక్కలోకి దిగబడిపోతుంది. కీళ్లు కిర్రుమంటుంటే ఆగండి, రెండు రోజులు వదిలేయండి. ఏళ్ల తరబడి వంగిన నడుము వారంలో నిలబడదు. పూర్తిగా సమం కాకపోయినా ఫరవాలేదు, కలప చిట్లకపోవడం ముఖ్యం.

5. ఊడదీయాల్సి వస్తే

ఊడదీయకుండా చేయగలిగిన ప్రతి పనినీ ఉన్నచోటే చేయండి. తప్పనప్పుడు ఓపిక పట్టండి. పాత స్క్రూ తల గాడిలో రంగు గడ్డకట్టి ఉంటుంది. పదునైన మొనతో ఆ గాడిని శుభ్రంగా తీసి, గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ పట్టండి. కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద ఒకట్రెండు నిమిషాలు ఆనించండి. వేడికి ఇనుము సాగి, చల్లారాక ముడుచుకుంటుంది, పట్టు వదులుతుంది. ముందు బిగించే వైపు కొద్దిగా తిప్పి, ఆ తర్వాత ఊడదీసే వైపు తిప్పండి.

మేకులను ముందు నుంచి గోకి లాగకండి. పలక వెనక సన్నటి రంపపు బ్లేడు దూర్చి మేకును కోసేయండి. పలక బయటికి వచ్చాక, మిగిలిన మేకు ముక్కను వెనక నుంచే పట్టుకారుతో లాగేస్తే ముందువైపు చెక్క చెదరదు. ఒకదాని గాడిలో ఇంకోదాని నాలుక దిగే పలకలైతే, నడుమ నుంచి ఎప్పుడూ మొదలుపెట్టకండి. చివరగా ఏ పలక బిగించారో వెతికి అక్కడి నుంచి రండి. అది దొరకకపోతే, ఎలాగూ పాడైన పలక ఒకటి ఎంచుకుని దాన్ని నిలువునా చీల్చి తీసేయండి. ఆ ఒక్కటి పోతే మిగతావన్నీ నాలుకలు విరగకుండా వస్తాయి.

తీసిన పలకలు ఒకదాని మీద ఒకటి నేరుగా పెట్టకండి. మధ్యలో సన్నటి పట్టెలు పెట్టి, నేలకు ఎత్తుగా, నీడలో, బరువు సమంగా పడేలా పేర్చండి.

6. ఎంత తీయాలి, ఎలా అతకాలి

కట్టడాల సంరక్షణకు 1964లో రాసుకున్న వెనిస్ చార్టర్‌లో రెండు మాటలున్నాయి. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలి. కొత్తగా చేర్చిన భాగం మొత్తంతో కలిసిపోవాలి, కానీ అసలుదేదో కొత్తదేదో పోల్చుకోగలిగేలా ఉండాలి. పాత రైళ్లను నడిపే యూరప్ సంఘాల సమాఖ్య 2005లో రైళ్ల కోసం ప్రత్యేకంగా ఇలాంటిదే రీగా చార్టర్ అని ఒకటి ఆమోదించింది. పని బల్ల ముందు నిలబడినప్పుడు ఈ రెండు మాటలూ రంపం ఎక్కడ పెట్టాలో చెబుతాయి.

ప్రతి ముక్క దగ్గరా ఈ వరసలో ఆలోచించండి: అలాగే వదిలేయొచ్చా? గట్టిపరిస్తే సరిపోతుందా? పైన చిన్న అతుకు చాలా? చివర కోసి కొత్త ముక్క కలపొచ్చా? పక్కన తోడుగా ఇంకో కర్ర బిగిస్తే భారం అది మోస్తుందా? వీటిలో ఏదీ కుదరదని తేలాకే మొత్తం మార్చాలి.

అతుక్కి కావాల్సిన కలప అదే జాతి కావాలి. టేకుకు టేకు, ఓక్‌కు ఓక్. జాతి ఒక్కటైతే సరిపోదు. ముక్క కొసను చూడండి, వలయాలు ఎటు వంగి ఉన్నాయో. చెక్క తడికి ఉబ్బి, ఆరితే ముడుచుకుంటుంది. వలయాల వెంట ముడుచుకునేది, వలయాలకు అడ్డంగా ముడుచుకునే దానికి దాదాపు రెట్టింపు. పొడవునా అసలు లెక్కలోకి రానంత తక్కువ. పాత ముక్క ఒకవైపు, కొత్త ముక్క ఇంకోవైపు కదిలితే ఎంత మంచి బంక అయినా రెండు మూడేళ్లలో విడిపోతుంది. అందుకే వలయాల దిశ కలవాలి, రెండిటిలో తేమా ఒకటే ఉండాలి. కొత్త కలపను కొన్ని వారాలు పెట్టె పక్కనే పెట్టి ఉంచి, మీటర్‌తో రెండూ చూసి, తర్వాతే కోయండి.

పైపైన చిన్న మేర పోతే, పుచ్చు ఏ ఆకారంలో ఉన్నా దాని చుట్టూ తిన్నని అంచులతో గుంట చెక్కండి. రెండు కొసల్లో అడ్డంగా నిలువుకోత వద్దు, వాలుగా కోయండి. అడ్డంగా కోసిన కొస అతుకు నిలవదు, పైగా గీతలా కంటికి కొడుతుంది. రంగు వేసే పెట్టెలో ఇది దాగిపోతుంది. వార్నిష్ కింద కలప కనిపించే టేకు పెట్టెలో మాత్రం చారలు కలిసే ముక్క దొరికేదాకా వెతకాల్సిందే. ఒక అతుకు కోసం సగం రోజు పలకలు తిరగేయడం దండగ కాదు.

గుంజ చివరలాంటి చోట ఏటవాలు అతుకు వేయండి. మందానికి కనీసం ఎనిమిది రెట్లు, వీలుంటే పన్నెండు రెట్లు పొడవు ఉండాలి వాలు. రెండంగుళాల గుంజకు ఎనిమిది రెట్లంటే పదహారు అంగుళాలు. ఇది కూడా ఎక్కువ కలప పోయినట్టే అనిపిస్తుంది, కానీ వాలు మేర సగం అసలుదే మిగులుతుంది, బరువు మోసే పీచు తెగకుండా కొనసాగుతుంది. వాలును నీళ్లు నిలవని దిశలో పెట్టడం మరవకండి. బయటి నుంచి వచ్చిన చుక్క అతుకు గీత మీదుగా జారి బయటికే పోవాలి.

బంక విషయానికొస్తే, లోపలి అలంకారపు పనికి, ఊడిన పైరేకుకి (వెనీర్) పాతకాలపు సరేసు, అంటే జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే బంక మంచిది. గోరువెచ్చని తడి తగిలితే విడివడుతుంది కాబట్టి, రేపు ఇంకొకరు ఆ అతుకును చెక్క చెడకుండా విప్పగలరు. బయట తడి తగిలే చోట అది నిలవదు. అక్కడ నీళ్లకు లొంగని రసాయన బంకలు, రిసార్సినాల్ గానీ ఎపాక్సీ గానీ వాడాలి. స్క్రూలు ఇత్తడివో, కంచువో అయితే ఓక్‌లో నలుపు రాదు. కానీ అసలు ఇనుప స్క్రూలు గట్టిగా ఉంటే వాటినే శుభ్రం చేసి, అదే రంధ్రంలో పెట్టండి.

చివరిగా, ఇది చాలామంది వదిలేసే పని: ముక్క బిగించక ముందే కొసలకు, వెనకవైపుకి ప్రైమర్ పూయండి. చెక్క నీళ్లు తాగేది పక్కల కన్నా కొసల నుంచే చాలా ఎక్కువ. బిగించాక అక్కడికి బ్రష్ వెళ్లదు. తడి తగిలే చోట ప్రైమర్‌కు ముందు బోరేట్ ద్రావణం పూసి ఆరనివ్వొచ్చు, శిలీంధ్రానికీ పురుగుకీ అది అడ్డు. అయితే అది నీళ్లలో కరిగేది. పైన రంగు లేకపోతే వానకు కొట్టుకుపోతుంది.

7. ఎపాక్సీని ఎక్కడ నమ్మాలి

పుచ్చిన చెక్కలో పల్చటి ఎపాక్సీ పోస్తే రాయిలా గట్టిపడుతుంది. చూడ్డానికి అద్భుతంలా ఉంటుంది, అందుకే అవసరం లేని చోట కూడా పోసేస్తారు. నా అభిప్రాయం చెబుతాను: చెక్కడపు పని ఉన్న బ్రాకెట్, కిటికీ చుట్టూ ఉండే సన్నని అంచు పట్టె, చేతితో చెక్కిన అక్షరాల పలక, ఇలాంటి, మళ్లీ చేస్తే అసలుది అనిపించుకోని వాటికే వాడండి. బరువు మోసే దూలానికి వద్దు. ఒకసారి ఇంకిపోతే అది వెనక్కి రాదు, తడి ఉన్న చెక్కలో పోస్తే ఆ తడిని లోపలే బంధిస్తుంది, చెక్క కదిలినట్టు అది కదలదు.

వాడాల్సినప్పుడు చెక్క పూర్తిగా ఆరిందని మీటర్‌తో చూసుకోండి. వెనకవైపు నుంచి, మూడు నాలుగు మిల్లీమీటర్ల సన్నని రంధ్రాలు కిందికి వాలుగా, ఆవలికి పొడుచుకు రాకుండా వేసి, సన్న మూతి సీసాతో నెమ్మదిగా పోయండి. కొద్దికొద్దిగానే కలపండి. ఎక్కువ ఒకేసారి కలిపితే గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి పొగలు వస్తాయి. చేతికి తగిలితే అలర్జీ పట్టుకోవచ్చు, ఒకసారి పట్టుకుంటే వదలదు. తొడుగులు తప్పనిసరి. ఎండ తగిలితే ఎపాక్సీ పాడవుతుంది కాబట్టి పైన రంగు ఉండాల్సిందే.

8. రంగు, పాలిష్

ఇక్కడ మీ ఆరోగ్యం ముందు. పాత రైలు పెట్టె రంగులో సీసం ఉందనే అనుకోండి. అమెరికాలో ఇళ్లకు వాడే సీసం రంగును నిషేధించింది 1978లో, పెట్టెలు అంతకన్నా ఎంతో పాతవి. పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి, బట్టల మీద ఇంటికి, పిల్లల దగ్గరికి వెళుతుంది. తడిపి గీకండి, అతి సన్నటి దుమ్మునూ పట్టే హెపా వడపోత ఉన్న మాస్కూ వాక్యూమ్ క్లీనరూ వాడండి, పని బట్టలు అక్కడే విప్పేయండి. మంటతో రంగు కాల్చడం అసలు వద్దు. సీసం ఆవిరి అవుతుంది, పలకల వెనక శతాబ్దపు దుమ్ము అంటుకుని గంటల తర్వాత మండుతుంది. ఆవిరి గొట్టాల చుట్టూ తెల్లటి పొర కనిపిస్తే అది ఆస్బెస్టాస్ కావొచ్చు. ముట్టుకోకుండా, దాన్ని తీసే శిక్షణ ఉన్నవాళ్లను పిలవండి.

గట్టిగా అంటుకుని ఉన్న పాత రంగును అసలు తీయక్కర్లేదు. లేచిన పెచ్చులు తీసి, అంచులు నునుపు చేసి, పైన వేయండి. కింద ఉన్నది చరిత్ర, పైన వేసేది దానికి గొడుగు.

లోపలి మహోగని, టేకు పలకలు నల్లగా కనిపిస్తే వెంటనే పాలిష్ గీకేయకండి. చాలావరకు అది పొగ, చేతి జిడ్డు. దూదిని కొద్దిగా తడిపి మూల ఒకచోట తుడిచి చూడండి. తర్వాత పాలిష్ ఏదో తెలుసుకోండి. స్పిరిట్‌లో ముంచిన దూది తాకిస్తే జిగటగా మారితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు లొంగక లక్కర్ థిన్నర్‌కు మెత్తబడితే లక్కర్. రెండిటికీ లొంగకపోతే నూనె వార్నిష్ అనుకోవచ్చు. లక్క పాలిష్ అయితే మీరు అదృష్టవంతులు. సాలెగూడులా పగిలిన పొర మీద మెత్తని బ్రష్‌తో పల్చగా స్పిరిట్ పూస్తే, పాత పాలిష్ తనంతట తానే కరిగి, కలిసిపోయి, మళ్లీ ఆరుతుంది. ఒక్క చుక్క కొత్తది వేయకుండా అసలు పాలిష్ వెనక్కి వస్తుంది. కళ్ల ముందు ఆ పగుళ్లు మూసుకుపోవడం చూస్తే పడిన కష్టమంతా మరిచిపోతారు.

అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయొద్దు. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి ఉంచండి, లేదా బయట పరిచి ఆరేయండి.

9. పురుగు

రంధ్రాలు కనిపించాయని పురుగు ఇంకా ఉన్నట్టు కాదు. కింద నల్ల కాగితం పరిచి నెల రోజులు చూడండి. కొత్త పొడి రాలితేనే మందు. చెదల దారి మాత్రం నేల నుంచి ఎక్కడో ఒకచోట ఎక్కి వస్తుంది. పెట్టె కింద పేర్చిన పాత స్లీపర్లు, చెక్క దిమ్మెలే చాలాసార్లు ఆ నిచ్చెన.

10. పెట్టె పట్టాల మీద పరుగెత్తాలంటే

చూపుకి ఉంచే పెట్టెకూ, మనుషులను ఎక్కించుకుని నడిచే పెట్టెకూ లెక్క వేరు. రైలు లాగేటప్పుడూ ఆపేటప్పుడూ వచ్చే శక్తి అడుగు దూలాల మీదుగా పోతుంది. అక్కడ పుచ్చును వదిలేయడం కుదరదు, ఇంజనీరు చూసి లెక్కకట్టాలి. అయినా దూలాన్ని తీసేయడమే దారి కాదు. రెండు పక్కలా ఉక్కు పలకలు బోల్టులతో బిగించి, శక్తిని ఆ ఉక్కుకు అప్పగిస్తే, పాత దూలం ఉన్న చోటే ఉండిపోతుంది. వెల్డింగ్ చేయాల్సి వస్తే దగ్గరి చెక్కను తడి గుడ్డలతో కప్పి, పని అయ్యాక కూడా ఒక మనిషిని కనీసం గంటసేపు అక్కడే కాపలా ఉంచండి.

11. పని అయ్యాక

కొత్తగా వేసిన ప్రతి ముక్క మీద కనిపించని వైపు ఏ సంవత్సరంలో వేశారో చెక్కండి లేదా కాల్చిన ఇనుముతో ముద్ర వేయండి. తీసేసిన అసలు ముక్కల్లో గుర్తులు, రంగు పొరలు, కీళ్లు ఉన్నవాటిని పారేయకుండా చీటీ కట్టి దాచండి. ఒక గుంజ అడుగు ఇంత, ఒక పలక ముక్క ఇంత, పెద్ద స్థలమేమీ పట్టదు.

ఏటా వానలు ఆగాక ఒకసారి మీటర్ తీసుకుని, మొదట చాక్‌పీసుతో రాసిన ఆ 50 చోట్లకే తిరగండి. కొత్త అంకెలు అదే పుస్తకంలో పాతవాటి పక్కన రాయండి. ఎక్కడైనా 18, 19 కనిపిస్తే ఆ రోజే పైకప్పు ఎక్కి, ఆ చోటుకి పైన గుడ్డ ఎక్కడ లేచిందో, ఏ నీటి గొట్టం ఆకులతో మూసుకుపోయిందో చూడండి.